తొడిమ

మా యార్డులో స్టెమ్ అంటే తొడిమ.
స్టెమ్ ఉన్న కాయకో రేటు, లేని కాయకో రేటు,
తీసినందుకు కిలోకింతని నాకో రేటు.
అందుకే డాక్టరమ్మ
"నీ స్టెమ్ సెల్స్ తమ్ముడికి ఇస్తావా కాశింబీ" అన్నప్పుడు
తీయడం నాకు అలవాటేగా అనుకున్నా.
తీయించుకోవడమే కొత్త.

మీరావలి ఎడమచేతికి బొటనవేలు లేకుండా పుట్టాడు.
గ్రహణంపూట అమ్మ గోంగూర తుంచిందన్నారు
ఏటుకూరు రోడ్డులో అందరూ.
ఆ గోంగూరని పదిహేనేళ్లు మోసింది అమ్మ.
వాడి చిగుళ్లలో నెత్తురు ఆగని రోజున
విజయవాడలో ఓ కాయితం మీద
రెండు గుండ్రాలు, రెండు నలకలు గీసి చూపించారు.
నాన్న నుంచి ఒకటి, అమ్మ నుంచి ఒకటి.
మేనత్త కొడుకు, మేనమామ కూతురు;
ఒక్క ముత్తాతే ఇద్దరికీ పంచిపోయాడట.
నాలోనూ ఒకటుందట. ఒకటైతే నిద్రపోతుందట.
అమ్మ ఆ కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.
గోంగూర దింపుకుంది.

ఎముకలోపల ఏం చేస్తారో నాన్నకి నేనే చెప్పా,
దూదేకే ఆయన మాటల్లో:
పరుపు కుట్టు విప్పి, ముక్కిపోయిన దూదంతా దులిపేసి,
గలీబుని ఉత్తదిగా కొన్నాళ్లుంచి
అప్పుడు నా దూది నింపుతారు నాన్నా.
"ఉత్తగా ఉన్నన్నాళ్లు గాలికి ఎగిరిపోదూ?" అన్నాడు.
దానికి నా దగ్గర మాట లేదు.

నా నడుం వెనకనించి తీసిన సంచి
కిలో తూగుతుందేమో.
నలభై కిలోల టిక్కీలు ఎత్తేదాన్ని,
దాన్ని పట్టుకెళ్తున్న నర్సు చేతులకేసి చూస్తూ
జారుతుందేమోనని వణికా.

అద్దం అవతల వాడు.
ఇవతల నేను, మూడుసార్లు స్నానం చేసినా పోని ఘాటుతో.
పద్దెనిమిదో రోజు కౌంటు లేచింది.
నెల తిరిగేసరికి అరచేతులు ఎర్రబడ్డాయి.
"మండుతున్నాయక్కా" అన్నాడు ఫోనులో.
నా కణాలట.
కొత్తింట్లోకెళ్లి ఇంటివాణ్నే పరాయోడనుకున్నాయట.

ఆ మంట నాకు తెలుసు.
పదకొండేళ్లుగా రాత్రిళ్లు
చేతులు మజ్జిగలో ముంచుకుని కూచునే మంట.
అడిగింది ఇచ్చి, అడగంది కూడా పంపానేమో.
అద్దానికి నోరానించి నా నెత్తుర్ని తిట్టా:
ఓసేయ్, కళ్లు కనపడట్లా? వాడు మనోడే.
వినడానికి దానికి రెండు నెలలు పట్టింది,
దోసెడు దోసెడు మాత్రలు పట్టాయి.

పోయిన వారం ఐటీఐ కార్డు మీద
ఓ పాజిటివ్ కొట్టేసి బీ పాజిటివ్ రాయించుకొచ్చాడు.
"నీ గ్రూపే. ఆడోళ్ల నెత్తురంట ఇప్పుడు నాది"
అని చెవులదాకా ఎర్రబడ్డాడు.
బొటనవేలు రాదని ముందే చెప్పారు.
అయినా అమ్మ
అన్నం పెడుతూ ఆ చేతికేసి చూస్తుంటుంది.

నిన్న క్యారేజీ ఇవ్వడానికి యార్డుకొచ్చాడు.
ముక్కుకి గుడ్డ కట్టుకుని నా రాశి ముందు కూలబడి
నాలుగు వేళ్ల చేత్తో ఓ తొడిమ తుంచాడు.
కాయ చిరగలేదు.
పో ఇంటికి, నీకు పడదు, అని కసిరా.
వాడు తుమ్మాడు.
వెంటనే నేనూ.