ఎదురు పెట్టె

మార్చిలో మొదలుపెట్టాను.
వాల్పరైసోలో అది ఆకు రాలే కాలం,
నాకు తగ్గట్టే.

నెత్తికి పొద్దున ఒక మిల్లీలీటరు, రాత్రి ఒకటి.
"మొదట ఇంకా రాలుతుంది, ఎదువీహిస్, బెంగపడకు.
ఆర్నెల్లు ఆగు" అంది డాక్టర్ రెబొయేదో.
ఇరవై రెండేళ్లుగా కొండ లిఫ్టు నడుపుతున్నదానికి
అది వేరే చెప్పాలా?
ఒక పెట్టె కిందికి దిగితేనే కదా
అదే తాడు మీద రెండోది పైకొచ్చేది.

తెలుసు. అయినా మేలో
దువ్వెన నిండా ఊడొచ్చిన రోజు
సీసా చెత్తబుట్టలో పడేశాను.
రాత్రి పదకొండుకి
బంగాళదుంప తొక్కల్లోంచి మళ్లీ ఏరుకున్నాను.

జూన్. వాన. టోపీ.
జూలై. టోపీ.
నెలకో ఫోటో, అదే దీపం కింద, అదే పాపిట.
పాపిట సన్నబడిందో
నా చూపే మెత్తబడిందో.

నిన్న, ఆగస్టు ఆఖర్న,
టికెట్టు చింపుతుంటే గాలి టోపీ ఎగరేసుకుపోయింది.
చిల్లర లెక్కపెట్టుకుంటున్న దోన్ ఎలియోదోరో
తలెత్తి చూసి,
"నుదుటి మీద నూగేదో అంటుకుంది, దులుపుకో" అన్నాడు.

దులిపాను.
పోలేదు.