వరదగుడి

మూడింటికే పొద్దు గుంకే ఊరు మాది.
చలికాలం ఖాతం గడ్డకట్టి రోడ్డవుతుంది,
రోడ్డు మీద చెక్క గుడిసెలు లేస్తాయి,
గుడిసెకో కన్నం, కన్నానికో గాలం.
అలాంటి ఒకదాంట్లోనే మా మామగారు దొనా
నలభై ఒకటో ఏట
దారం వేలికి చుట్టుకుని
కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.
చలికి అన్నారు. కోపిష్టి అన్నారు.
ఆయన అన్న పడవలో, చెల్లెలు చర్చి మెట్ల మీద.
వాళ్ళకేమన్నారో నాకు గుర్తులేదు.

మా ఆయన లియోన్స్ వెదురుబద్ద.
హాకీ మైదానానికి రాత్రిళ్ళు నీళ్ళు పట్టి మంచు పరిచే పని.
పందికొవ్వు వాసనొస్తే లేచిపోతాడు.
బొజ్జలున్నవాళ్ళ జబ్బు కదా అది, అనుకునేదాన్ని.

కళ్ళజోడు కోసం వెళ్తే
కొట్లో అమ్మాయి దీపం దగ్గరికి జరిపి
చాలాసేపు మాట్లాడలేదు.
నీలిగుడ్డు చుట్టూ తెల్లటి ఉంగరం.
పెళ్ళికి ముందు, చందమామకి గుడి కట్టిందని
నేను మురిసిపోయింది దాన్నే.
గుడి కడితే వానని తెలియదూ నాకు?

మడమ వెనక శనగగింజంత గట్టి ముద్ద.
స్కేటు బూటు ఒరుసుకుని, అనుకున్నాం ఇన్నాళ్ళూ.

చెడు కొలెస్ట్రాల్ ఎనిమిది పాయింట్ మూడు.
ఏడాది వెన్న మానేశాం. జున్ను మానేశాం.
క్రిస్మస్‌కి మాంసం రొట్టె కాల్చలేదు.
ఏడు పాయింట్ ఆరు.
ఆ రాత్రి ఆరిన పొయ్యి ముందు కూర్చుని
పన్నెండేళ్ళ వంటల్నీ ఒక్కొక్కటే ఒప్పుకున్నాను.

డాక్టరు తియెరీ కాగితం వెనక్కి తిప్పి గీశాడు.
కాలేయానికి తలుపులుంటాయమ్మా,
నెత్తుట్లో కొవ్వుని లోపలికి పిలిచే తలుపులు.
ఈయనకి సగం తలుపులు పుట్టుకతోనే మేకులేసి ఉన్నాయి.
ఎప్పుడో ఓడ దిగిన ముత్తాత ఎవరో
గొడ్డలితో, జపమాలతో బాటు తెచ్చిన ఆస్తి.
మీ గరిటె తప్పేం లేదు.

తప్పు లేదంటే కూడా ఏడుపొస్తుందని అప్పుడే తెలిసింది.

రోజుకి రెండు మాత్రలు. రెండు పాయింట్ నాలుగు.
మోద్‌కి తొమ్మిదేళ్ళు. బొమ్మా బొరుసా అన్నాడాయన.
బొరుసే పడింది.
దాని మాత్ర అది చప్పరించి
"చేదుగా లేదే" అంది, మోసపోయినట్టు.

ఈ రాత్రి లియోన్స్
వాళ్ళ నాన్నకన్నా ఒక్క రోజు పెద్దవాడు.
ఆ మాట ఎవరమూ పైకి అనం.
ఖాతం మీద చందమామకి నిజం గుడి, దూరంగా కట్టింది.
దూరపు గుడి, దగ్గర వాన. మాకైతే మంచు.
మోద్ దారం కదిలింది.
"లాగనా నాన్నా?"
"ఆగు," అంటున్నాడు, "తొందరేముంది."