గడియ

నిమజ్జనం ముగిసిన నాలుగో రోజు
క్రేన్లు పైకి లాగిన వినాయకుల వెన్నెముకలు
తుక్కు లారీల్లో పోతుంటే
కిలో ఇరవై ఎనిమిదికి బేరమాడి
ఒక లారీలో సగం దింపించుకున్నాను.
ప్లాస్టర్ పెచ్చులూడిపోయింది,
రంగు నీళ్లలోనే ఉండిపోయింది.
వంగిన ఇనుముకి మాత్రం
ఇంకా తొండం గుర్తుంది.

అంబర్‌పేట షెడ్డులో ఖదీర్ భాయ్
ఆ వంపు సరిచేయనన్నాడు.
"అట్లనే ఉండనీ మేడమ్, తోకకి పనికొస్తది."
వచ్చింది.

కొర్రమట్ట చేద్దామనుకున్నాను.
నీళ్లలో ఊపిరాడకపోతే
పైకొచ్చి గాలి మింగి, మళ్లీ బురదలోకి పోయే
మొండి చేప.
రామంతాపూర్ చెరువు గట్టు మీద
నిలబడే హక్కు దానికి కాక ఇంకెవరికి?

పొలుసులకి, ఇరానీ హోటళ్ల వెనక పోగుపడ్డ సోడామూతలు,
పదకొండు వేలు, ఒక్కోటీ సుత్తితో చదును చేసినవి.
కంటికి చేతక్ స్కూటర్ హెడ్‌లైటు.
మొప్పలకి టేబుల్ ఫ్యాన్ జాలీ.
పొట్టకింది చర్మం మేదరి బుచ్చిలింగం అల్లాడు,
చెరువుని కప్పేసిన గుర్రపుడెక్క కాడల్ని
మిద్దె మీద ఎండబెట్టి, నీళ్లు చిలకరించి.
"వెదురు ఎదురు తిరుగుతది.
ఇది చెప్పినట్టు ఇంటది, అందుకే మన్నదు" అన్నాడు.
నేను నవ్వేశాను.

పదిన్నరకి మంచి గడియ అన్నారు.
రావాల్సిన పెద్దమనిషి పన్నెండున్నరకి వచ్చాడు.
ఈలోగా జనం నీళ్లు తాగారు,
బెత్తెడు సీసాల్లో, తలా రెండు గుక్కలు.
చెరువుల గొంతులో ప్లాస్టిక్ పోయొద్దని
మైకులో చెప్పీ చెప్పీ
నా గొంతు ఎండిపోయి
నేనూ ఒకటి తాగాను.
రిబ్బన్ కత్తిరించారు. అదీ ప్లాస్టిక్కే.

ఎండ వాలాక మొగులమ్మ వచ్చింది.
భుజాన యూరియా సంచి,
చేతిలో సైకిల్ చువ్వతో చేసిన కొక్కెం.
మూడొందల పన్నెండు సీసాలు:
లెక్క ఆమెది, నాది కాదు.
చేప తెరిచిన నోరు చూసి
సంచి దింపింది.
"ఏం తింటది బిడ్డా ఇది?"
చెరువులో చేపలు ఏం మింగుతున్నాయో
జనానికి కనబడాలని, అన్నాను.
నువ్వూ ఆ సీసాలు నోట్లో వేస్తే...
వేయలేదు.
"దీని కడుపు నిండుతది.
మరి నాది?"
అడిగినట్టు కాదు,
తూకం చూసి ధర చెప్పినట్టు చెప్పింది.

పోతూ పోతూ బోర్డు మీద ఏం రాసుందని అడిగింది.
'శిల్పాన్ని తాకరాదు.'
సిగ్గేసి
వేరే ఏదో చదివాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం.
పట్టింది. మూడో రోజు పొద్దున్నే
ఖదీర్ భాయ్‌ని బండెక్కించుకుని పోయాను.
పక్కటెముకల దగ్గర మూడు వరసల పొలుసులు కోశాడు.
పాత బీరువా తలుపు ముక్క, రెండు బందులు,
జుమ్మెరాత్ బజార్‌లో దొరికిన ఇత్తడి గడియ.
దానికి తాళం పెట్టలేదు.
బోర్డు పీకి ఆ రేకుతోనే
తలుపు సందు మూశాడు.

ఇప్పుడు నడకకొచ్చేవాళ్లు నోట్లో వేస్తారు.
పిల్లలు దూరం నుంచి విసురుతారు,
గురి తప్పితే ఏరుకొచ్చి మళ్లీ విసురుతారు.
శుక్రవారం శుక్రవారం మొగులమ్మ గడియ తీసి
కోడిని శుభ్రం చేసినట్టు
మోచేతి దాకా లోపలికి పోనిచ్చి
కడుపు ఖాళీ చేస్తుంది.
ఒకసారి ఒంటి చెప్పు వచ్చింది,
ఒకసారి ఎవరిదో విప్పని శుభలేఖ.
"మీ చేపకు అరుగుదల మంచిగున్నది" అంటుంది.

తొలివానకి బుచ్చిలింగం మాటే నిజమైంది.
గుర్రపుడెక్క చర్మం నాని, కుళ్లి, జారి
గట్టు మట్టిలో పడింది.
శిల్పం పాడైందట కదా అని
పేపరాయన ఫోను చేశాడు.
అవునన్నాను.
లోపలి ఇనుము అంతా బయటికి కనిపిస్తోంది,
వంగి, తుప్పు పట్టి, వానకి మెరుస్తూ.

దాని కింద, కుళ్లిన కాడల మీద
పచ్చగా ఏదో లేచింది. తోటకూరేమో.
మొగులమ్మ ఒక ఆకు గిల్లి
వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి,
"ఇంకో వారం ఆగాలె" అంటూ
గడియ వేసింది.