ఒక చుక్క

కుతాయిసిలో రాత్రి రెండున్నర. బయట వాన.
సీటీ గది అద్దం అవతల
అంజోర్ వెల్లకిలా పడుకున్నాడు.
మోచేతుల దాకా కాలిన మచ్చలు,
గోళ్ళ సందుల్లో పిండి.

ఇరవై రెండేళ్ళుగా మట్టి పొయ్యిలోకి
నడుము దాకా వంగి
లోపలి గోడకు రొట్టె అతికించేవాడు.
ఇవాళ వంగాడు,
లేవలేకపోయాడు.

ఎడమవైపు, బొడ్డుకి కింద,
ఒకే ఒక్క వేలితో చూపించాడట.
ఆ ఒక్క వేలు నాకు పట్టుకుంది.
పేగు చిల్లుపడ్డవాళ్ళు అరచేయి మొత్తం పరుస్తారు.

మల్ఖాజ్ అప్పటికే చొక్కా చేతులు మడిచాడు.
కుర్ర సర్జన్, కత్తి మీద కొత్త మోజు.
"ఆగు" అన్నాను.
జ్వరం లేదు, వాంతి లేదు, తెల్లకణాలు గీత దాటలేదు.

పొర వెనక పొర దిగుతూ పోయాను.
పెద్దపేగు వంపు తిరిగే చోట
గోడ పల్చగా, నిబ్బరంగా ఉంది.
గోడకి ఆనుకుని, బయట,
రేగుపండంత నల్లటి కొవ్వు,
దాని చుట్టూ సన్నని తెల్ల గీత,
గీత చుట్టూ ఊదిన పొగలాంటి మసక.
నడిమధ్యన
వాక్యం మరిచిపోయి పెట్టిన చుక్క.

ఆ చుక్క, గడ్డకట్టిన చిన్న సిర.
పేగుకి కొవ్వు కుచ్చులుంటాయి, పరదా అంచుకి ఉన్నట్టే.
ఎందుకున్నాయో గట్టిగా ఎవరూ చెప్పరు.
వాటిలో ఒకటి మెలిపడింది, అంతే.

కరెంటు లేని ఆ చలికాలం
ఇదే నొప్పికి లామారా టీచర్ పొట్ట కోశారు.
కిరోసిన్ దీపం పట్టుకున్నది నేనే.
బయటికొచ్చింది ద్రాక్షపండంత నల్లటి కుచ్చు.
సర్జన్ దాన్ని పళ్ళెంలో వేసి
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
కుట్లు మానడానికి వసంతం దాకా పట్టింది ఆమెకి.

రిపోర్టులో రాశాను:
కత్తి అక్కర్లేదు. నొప్పి మాత్రలు. దానంతటదే ఎండిపోతుంది.
మల్ఖాజ్ చేతులు దించుకుని
తెర దగ్గరికి మొహం పెట్టి చూశాడు,
ఇంకోసారి చూశాడు.

అంజోర్‌కి కూడా చూపించాను.
"ఇంతేనా?" అన్నాడు, కాస్త అవమానపడ్డట్టు.
"ఇంతే. కొన్నాళ్ళు వంగకు."

ప్యాంటు నెమ్మదిగా పైకి లాక్కుంటూ
గోడ గడియారం చూశాడు.
నాలుగింటికి పొయ్యి అంటించాలి.
"వంగకుండా రొట్టె ఎలా అతికించాలో
అందులో కనిపిస్తుందా, డాక్టరమ్మా?"