కుదురు

ప్రొద్దుటూరు అంగట్లో చూసినాం,
గాజు తలుపు వెనక పచ్చని చక్రం.
ప్లాస్టిక్ సూదులాకులు, ప్లాస్టిక్ మంచు,
ఎర్ర రిబ్బను ముడి.
మూడు వందల యాభై.
హెప్సిబా నా కొంగు లాగలేదు.
లాగుంటే బాగుండేది,
కాదనడానికి ఒక మాటన్నా దొరికేది.

బస్సులో మా అత్త దీవెనమ్మ అడిగింది,
"ఆ చెట్టు యాడిది పాపా?"
"చలి దేశందంట అవ్వా. ఎప్పుడూ పచ్చగానే ఉంటాదంట."
"మన గుట్ట మీద బందారు లేదా మరి?
మూడేండ్లు వాన రాకున్నా
అది ఆకు రాల్చినట్టు ఎవరన్నా చూసినారా?"

మరుసటి దినం పాలీషు పనికి పోలేదు.
కూలి పోతే పోనీ అనుకున్నా.
శనగచేల నడుమ నడిచినాం.
రాత్రి మంచుకు తడిసిన ఆకు పులుపు
కాలి గీరుల్లోకి దిగి చురుక్కుమనింది.
కింద పెన్నేటిలో నీళ్లు,
ఒక దుప్పటి వెడల్పు.

అత్త కొడవలి తీయలేదు.
చిక్కుడుకాయ గిల్లినట్టు
వేలి కొసతో విరిచింది బందారు కొమ్మలు.
చేతికంటే జిగురు,
కదిలిస్తే కాగితం మాదిరి గలగలమనే రెక్కల కాయలు.
ఇంకా రాలని తంగేడు పూలు నాలుగు,
కాయ పగిలి బయటికి చూస్తున్న గురివింద గింజలు,
పండ్లతోనే ఒక రేగు మండ.
"ముండ్లొద్దు" అనింది.
"పుట్టిన దినాన ముండ్లేంది,
వాటికింకా మూడు నెల్లుండాది."
బండ మీద కూర్చోని ఒక్కొక్కటే గోటితో ఒలిచింది.
పండ్లు లెక్కపెట్టింది, తొమ్మిది.
హెప్సిబా రెండు తినింది.

ఇంటికొచ్చి ఇనుప తీగ వంచి చూసినా.
కోడిగుడ్డు ఆకారమొచ్చింది.
అత్త ట్రంకుపెట్టె వెనక చెయ్యి పెట్టి
కుదురు తీసింది.
ఈతాకు అల్లిక, మీద పాత చీర పేలికలు.
ముప్పై ఏండ్లు నాపరాళ్ల గనిలో
గంపలన్నీ దాని మీదే మోసింది.
మామ జక్కరయ్య మీద రాళ్లు కూలిన దినం కూడా
అది నెత్తిమీదనే ఉండిందంట,
పరుగెత్తినా జారలేదంట.
మాకు ముందెప్పుడూ చెప్పని మాట.
ఆ పొద్దు కూడా చెప్పినట్టు కాదు,
దూసరతీగ చుట్టుతా చుట్టుతా
నోట్లోంచి ఊడిపడింది.

ఆకులు ఎంత కప్పినా
ఒకచోట పేలిక కనపడింది, నూనె మరకతో.
హెప్సిబా అక్కడ తంగేడు గుచ్చబోయింది.
"ఉండనీ" అన్నా.

తలుపుకు మేకు కొట్టి తగిలించినాం.
ఎదురింటి ఖాసీంబీ నవ్వింది,
"నడుమంతా బొక్కే, ఇదేం దండక్కా?"
"కడవ అడుగుకు చోటు" అనింది అత్త.

పండగ తెల్లారి చర్చికి బయల్దేరి తలుపు తీస్తే
గొల్ల సుంకన్న మేక,
ముందుకాళ్లు గడప దాటి, నోట్లో రేగు మండ.
పండ్లు లేవు. ఆకు లేదు.
గురివింద గింజలు మాత్రం
మెట్టు మీద ఉమ్మేసింది.
బందారు ముట్టలేదు, తంగేడు ముట్టలేదు.
చేదును చేదే కాపాడుకునింది.
సుంకన్న మొగం చిన్నబుచ్చుకొని కట్టె ఎత్తినాడు.
"కొట్టొద్దులే" అనింది అత్త.
"ఆ బిడ్డ కింద పరిచిన గడ్డిని మాత్రం
ఆ రాత్రి పశువులు వదిలిపెట్టినాయా ఏంది?"

మధ్యాహ్నం ట్యాంకరొచ్చింది, పండగని కూడా చూడకుండా.
అందరికంటే ముందు హెప్సిబా లేచి
మేకు మీంచి కుదురు తీసి
మిగిలిన బందారుతోనే నెత్తిన పెట్టుకొని
బిందె తీసుకొని పోయింది.
దించమని అనబోయినా.
"నీళ్లకే కదా" అనింది అత్త,
నా దిక్కు చూడకుండా.

తిరిగొస్తాంది.
కొత్త పావడా, చెవుల పక్కన ఆకులు,
అడుగడుక్కీ గలగల.
వీధి మలుపు కాడ ఒక కొమ్మ రాలింది.
వంగి తీసుకోలేదు,
నెత్తిన నిండు బిందె ఉంది గదా.