జాలాడి లెక్క

నాలుగు రోజులకొకసారి కొళాయి దగ్గుతుంది.
ముందు గాలి, ఆనక తుప్పు,
ఆమీదట నీళ్లు.
రాయదుర్గంలో మా సందుకు
గంగమ్మ వచ్చే వరస ఇదీ.

వచ్చిన నీళ్లను ఒక్క పనికే వాడి పంపేస్తే
చుట్టాన్ని వాకిట్లోంచే సాగనంపినట్టంట.
మా అత్త తిప్పక్క మాట.
అందుకే మా ఇంట్లో ఏ నీళ్లూ
ఊరికే వెళ్లిపోవు.
బియ్యం కడుగు కరేపాకు మొదట్లో కూర్చుంటుంది.
అలసందలు నానినవి
గోంగూర మడి అడిగి మరీ తీసుకుంటుంది.
జాలాడి నుంచి జానెడు కాలువ తవ్వినాం;
మేం పోసుకున్న నీళ్లు, మా ఒంటి మట్టితో సహా
నడుచుకుంటూ పోయి అరటి దగ్గర ఆగుతాయి.
సున్నిపిండో సబ్బో, దానికేం పట్టింపు లేదు.
మొన్న మూడో పిలక వేసింది.

పేచీ అంతా ఒక్క నీళ్లతోనే.

నేను జీన్సు ప్యాంట్లు కుడతా.
కొత్త గుడ్డ ముంచితే బకెట్ నిండా నీలం,
మబ్బు లేని మా ఆకాశాన్ని
ఎవరో పిండినట్టు.
రెండు బకెట్లు. పారబోయడానికి చెయ్యి రాలా.
ఒక మధ్యాన్నం, అత్త కునుకు తీస్తావుంటే,
బీర పాదుకు పోసినా.
నాలుగోనాటికి ఆకులు
పసిబిడ్డ పిడికిళ్ల మాదిరి ముడుచుకున్నాయి.

ఆమె ఏమీ అనలా.
పందిట్లోంచి తీగను మెల్లగా విప్పి
తాడు చుట్టినట్టు చుట్టి, ఎండబెట్టి,
ఆదివారం పొయ్యిలో పెట్టింది.
ఆ సెగకే సంగటి ఉడికింది.
ముద్ద నా గొంతు దిగడానికి
చెంబెడు నీళ్లు పట్టినాయి.
ఆ చెంబు ఏ పాదుకూ చేరలా.

ఇప్పుడు నీలం నీళ్లు బండలకే.
గడప కింద నాపరాళ్లు
ప్యాంటు అంచుల్లాగా నీలి చార వేసుకున్నాయి.

హస్త కార్తెలో ఒక రాత్రి
రేకుల మీద వాన. ఆగకుండా వాన.
బిందెలు, బాన, ఇడ్లీ గిన్నె, ఆఖరికి
పిల్లోడి టిఫిన్ డబ్బా కూడా వాకిట్లో పెట్టినాం.
తెల్లారేసరికి
డ్రమ్ము తన మూత తానే తీసుకుంది.

అత్త ఎప్పట్లాగే బియ్యం కడిగింది.
కడుగు పట్టుకొని కరేపాకు దాకా పోయింది.
మొదట్లో ముందే చీలమండ లోతు మడుగు.
కాసేపు నిలబడింది.
అరటి వైపు చూసింది, అదీ అంతే.
"పారబోయి అత్తా" అనబోయి ఊరుకున్నా.

వెనక్కొచ్చి
గిన్నె మీద పళ్లెం బోర్లించి
మూలకు జరిపింది.
"ఉండనీలే. పులిస్తే చెట్టుకింకా బలం."