తల లేని దుంపలు

దేవదారులు దాటాక, తోష్ చెట్ల కింద
ఎండ తగలని వైపు
మంచు ఇంకా మాసిన దుప్పటిలా పడి ఉంది.
దాని అంచునే లేచింది నాగఛత్రి.
ఒక కాడ, మూడాకులు,
ఆకుల నడుమ కమిలిన ఊదారంగు పువ్వు.
ఎవరో మెచ్చుకోవాలని పూసినట్టు లేదు.

ధన్‌దేయి దాని ముందు గొంతుక్కూచుంది.
వీపున బుట్ట, చేతిలో వంగిన ఇనుప కొక్కెం.
కొక్కేన్ని ముందు నేలకి తాకించి
ఏదో గొణిగింది. దేవతకా, పువ్వుకా
అనడిగితే, "నా మోకాళ్ళకి" అంది.

రాలిన సూదులాకులు పక్కకి తోసి
నల్లమట్టిలోంచి లాగింది దుంపని.
అడ్డంగా పెరిగిన, ముడతలు పడ్డ, బొటనవేలంత దుంప.
ఏటికో గీత దాని ఒంటి మీద.
గోటితో ఒక్కోదాని దగ్గరా ఆగుతూ వచ్చింది.
ఇది నిరుడు, వడగళ్ళు ఆపిల్ పూతంతా రాల్చేసిన ఏడు.
ఇది కంచరగాడిద లోయలో పడ్డ ఏడు.
ఇక్కడ గీతలు ఇరుకిరుగ్గా ఉన్నాయి,
మంచు సరిగ్గా పడని రెండేళ్ళు,
దీనికీ కడుపు నిండలేదు.
పదిహేడో గీత మీద గోరు ఆగిపోయింది.
"ఆ చైత్రంలోనే నేనీ ఊరి కోడల్నయ్యాను.
అప్పటికి దీనికి ఒక్కటే ఆకు."

కింద రోడ్డు మలుపులో
త్రాసు పెట్టుకుని ఉన్నాడు లుద్దర్‌చంద్.
కూతురి బడి ఫీజు అతని జేబులోనే ఉంది.
అది ఆమెకి తెలుసు. దుంపకి తెలియదు.

పుటుక్కున విరిచింది.
మొగ్గ ఉన్న కొసని, రెండంగుళాలు,
అదే గుంటలో పడుకోబెట్టి మట్టి కప్పి
కాలితో కాదు, అరచేత్తో అదిమింది.
మిగతాది బుట్టలో పడింది.
అలా ఆ రోజు నలభై మూడుసార్లు.

సాయంత్రం లుద్దర్‌చంద్
త్రాసు ముల్లు చూసి మొహం చిట్లించాడు.
"అన్నీ మొండేలే. తలలేవీ?"
"కొండమీద మర్చిపోయాను" అంది.
డబ్బు లెక్కపెట్టి,
ఒక నోటు తక్కువైందని మళ్ళీ లెక్కపెట్టి,
తక్కువే అని తేలాక పైకి చూసింది.

అప్పటికే పొగమంచు దిగి
తోష్ చెట్లు మొలలోతు మునిగాయి.
ఆ నలభై మూడు తలలూ మట్టికింద
కొత్త గీత మొదలుపెట్టాయో లేదో
వచ్చే చైత్రానికి గానీ తెలియదు.
సగం బతికినా చాలని ఆమె అనలేదు.
బుట్ట బోర్లించి దులిపింది.
మట్టితో పాటు తారు మీద పడింది
ఒక వాడిన రేకు,
ఏ రంగో చెప్పడానికి వీల్లేనిది.